బీబీసీ మైక్రోలో కొత్త బేసిక్ పెట్టేముందు: పరీక్షించి తేల్చుకునే పద్ధతి

పాత బీబీసీ మైక్రో కంప్యూటర్ చేతికి వచ్చినవాళ్లకు, దాన్ని నేటి కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్‌తో కుస్తీ పట్టేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వస్తుంది. ఈ యంత్రంలో ప్రోగ్రాములు రాసే భాష బేసిక్ ఒక చిప్‌లో ఉంటుంది; బేసిక్ 1 చిప్ తీసేసి బేసిక్ 2 పెట్టాలా? బేసిక్ 2 ఉంటే దానితో ఆగాలా, బేసిక్ 4 దాకా పోవాలా? కొత్త ఆజ్ఞల జాబితా చూసి నిర్ణయం తీసుకునేవాళ్లే ఎక్కువ. ఆ జాబితా ఒక పేజీ కూడా ఉండదు, పైగా అందులో సగం మీకు అక్కర్లేనివే. తేల్చాల్సినవి రెండే: కనిపిస్తున్న మెరుగుదల నిజంగా బేసిక్‌దేనా, మీ పాత ప్రోగ్రాములు దాని మీద పాత తీరులోనే నడుస్తాయా.

కాస్త నేపథ్యం. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌కు చెందిన ఏకార్న్ సంస్థ 1981 డిసెంబరులో ఈ కంప్యూటర్‌ను విడుదల చేసింది. 2 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే 6502ఏ ప్రాసెసర్. మోడల్ బీలో 32 కేబీ రామ్. బేసిక్ రాసింది సోఫీ విల్సన్. స్టీవ్ ఫర్బర్‌తో కలిసి ఆర్మ్ ప్రాసెసర్‌ను రూపొందించింది కూడా ఆమే. మన దేశానికీ దీనికీ సంబంధం ఉంది. 1984లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘క్లాస్’ పథకం కింద బడులకు చేరినవి ఈ యంత్రాలే. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ లైసెన్సు తీసుకుని వీటినే ఎస్‌సీఎల్ యూనికార్న్ పేరుతో తయారు చేసింది. ఆ కాలంలో బడి చదువు చదివినవారిలో కొందరికైనా ఆ నల్లని కీబోర్డు, దాని పైవరుసలో ఎర్రటి మీటలు గుర్తుండే ఉంటాయి.

ఒక మాట: ఆజ్ఞల పేర్లను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను; ‘స్టార్’, ‘మైనస్’, ‘డాలర్’ అంటే *, -, $ గుర్తులే. యంత్రం మీద వాటిని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే కొట్టాలి. చిన్న అక్షరాల్లో కొడితే ఈ బేసిక్ వాటిని ఆజ్ఞలుగా గుర్తించదు.

మొదటి మెట్టు: ముందు ఏది ఉందో చూసుకోండి

బ్రేక్ మీట నొక్కి, ఇంకేమీ చేయకుండా ‘రిపోర్ట్’ అని కొట్టండి. మామూలుగా చివరి లోపం ఏమిటో చెప్పే ఆజ్ఞ ఇది. ఇంకా ఏ లోపమూ జరగలేదు కాబట్టి రోమ్ (బేసిక్ ఉన్న చిప్) మొదట్లో ఉన్న కాపీరైట్ వాక్యాన్ని తెర మీద పెడుతుంది. అందులో 1981 అని ఉంటే బేసిక్ 1, 1982 అయితే బేసిక్ 2, 1984 అయితే బేసిక్ 4. మధ్యలో బేసిక్ 3 ఉంది కానీ అది అమెరికా మార్కెట్ కోసం చేసినది, మీకు తగిలే అవకాశం తక్కువ.

‘స్టార్ హెల్ప్’ కొడితే ఈ సంగతి తెలియదు. మోడల్ బీలో ఆ ఆజ్ఞకు మిగతా రోమ్‌లు జవాబిస్తాయి, బేసిక్ మాత్రం జవాబివ్వదు. జాబితాలో లేదని చిప్ పాడైందనుకోకండి. ఇక ‘స్టార్ ఎఫ్ఎక్స్ 0’ కొడితే ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ కనిపిస్తుంది. అది 1.20 అయితే ముందుకు సాగండి. పాతదైతే ముందు దాన్ని మార్చుకోవాలి, లేదంటే తర్వాతి కొలతలన్నీ వృథా.

రెండో మెట్టు: పోలిక న్యాయంగా ఉండేలా చూడండి

ఒకసారికి ఒక్కటే మార్చాలి. వినడానికి చిన్న నియమమే, పాటించడం కష్టం. ఎందుకంటే బేసిక్ 4 వచ్చింది 1986 నాటి మాస్టర్ 128తో. దానిలో ప్రాసెసర్ 65సీ12 రకం, ఆపరేటింగ్ సిస్టమ్ వేరు, రామ్ 128 కేబీ. మోడల్ బీని బేసిక్ 2తోనూ, మాస్టర్‌ను బేసిక్ 4తోనూ పక్కపక్కన పెట్టి ‘కొత్త బేసిక్ ఎంత బాగుందో’ అనడం సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టే అవుతుంది.

బేసిక్ 1, 2ల పోలిక తేలిక. రెండూ ఒకే బోర్డు మీద, ఒకే సాకెట్‌లో, ఒకే ప్రాసెసర్‌తో నడుస్తాయి. బేసిక్ 4 సంగతి వేరు. కొత్త రకం ప్రాసెసర్‌కు మాత్రమే తెలిసిన ఆదేశాలను అది వాడుకుంటుంది. మామూలు 6502ఏ ఉన్న మోడల్ బీలో ఆ చిప్ పెడితే నడవదు. ప్రాసెసర్‌నైనా మార్చాలి, లేదా ట్యూబ్ అనే అనుసంధానం ద్వారా తగిలించే 6502 రెండో ప్రాసెసర్ మీదైనా నడపాలి. ఆ రెండో ప్రాసెసర్‌లో ఉండేది 3 మెగాహెర్ట్జ్ 65సీ02. అక్కడ వేగం పెరిగితే అందులో గడియారం వాటా ఎంతో, బేసిక్ వాటా ఎంతో విడదీయాలి. మాస్టర్ మాత్రం మోడల్ బీలాగే 2 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. అందుకే వేగం పోలికకు మాస్టర్ నయం, జ్ఞాపకశక్తి (మెమరీ) పోలికకు పనికిరాదు. ఎందుకో తర్వాతి మెట్టులో చూద్దాం.

అసలు యంత్రం లేకపోయినా ఫరవాలేదు. బీబెమ్, బీ-ఎమ్, బ్రౌజర్‌లోనే నడిచే జేఎస్‌బీబ్ వంటి ఎమ్యులేటర్లలో మోడల్ బీ, మాస్టర్ రెండూ ఎంచుకోవచ్చు. అక్కడ చేతి గడియారంతో కొలవకండి. బేసిక్‌లోని ‘టైమ్’ సెకనులో వందో వంతు లెక్కన పెరుగుతుంది, అది ఎమ్యులేటర్ లోపలి కాలాన్ని అనుసరిస్తుంది. మీ ల్యాప్‌టాప్ నెమ్మదించినా అంకె చెడదు.

రెండు బేసిక్ రోమ్‌లను ఒకే యంత్రంలో ఒకేసారి పెట్టే ప్రయత్నం చేయకండి. ‘స్టార్ బేసిక్’ అన్నప్పుడు ఏది లేస్తుందో ప్రతిసారీ రిపోర్ట్‌తో రుజువు చేసుకోవాల్సి వస్తుంది. ఒక్కటే ఉంచండి.

మూడో మెట్టు: ఏది బేసిక్ పని, ఏది ఆపరేటింగ్ సిస్టమ్ పని?

ఈ యంత్రం గురించి జరిగే సగం వాదనలు ఇది తెలియకే. బేసిక్ ఒక 16 కేబీ రోమ్, ఆపరేటింగ్ సిస్టమ్ మరో 16 కేబీ రోమ్. బొమ్మలు, రంగులు, శబ్దం, డిస్కు, కీబోర్డు అన్నీ రెండోదాని అధీనంలోనే ఉంటాయి. బేసిక్ చాలాచోట్ల కేవలం వార్తాహరి.

నమ్మకం కుదరకపోతే ఒక అక్షరం గీసి చూడండి. ఈ యంత్రంలో తెరకు మోడ్‌లనే వేర్వేరు తీరులు ఉన్నాయి; మోడ్ 7 వదిలేసి మోడ్ 4లోకి వెళ్లండి, ఎందుకంటే మోడ్ 7 అక్షరాలు టెలిటెక్స్ట్ చిప్‌లో స్థిరంగా ఉంటాయి, మార్చలేం. తర్వాత ‘వీడీయూ 23, 224, 2, 68, 40, 16, 60, 66, 66, 60’ అని కొట్టి, 224వ అక్షరాన్ని ప్రింట్ చేయండి. తలకట్టుతో సహా మన ‘ర’ తెర మీద కనిపిస్తుంది. చివరి ఎనిమిది అంకెలూ ఎనిమిది అడ్డవరుసలు. మొదటి నాలుగు తలకట్టు గీతను, తర్వాతి నాలుగు కింది సున్నను గీస్తాయి. ‘ర’కు ఎనిమిది చుక్కల చదరం చాలింది; ‘ఘ’, ‘ఝ’ వంటివాటికి పక్కపక్కన రెండు అక్షరాలు కలపక తప్పదు.

ఇదే ఆజ్ఞను బేసిక్ 1లో, 2లో, 4లో కొట్టి చూడండి. అదే ‘ర’, చుక్క తేడా ఉండదు. బేసిక్ ఆ అంకెలను ఒక్కొక్క బైటుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందించి చేతులు దులుపుకుంటుంది. కాబట్టి కొత్త బేసిక్‌తో బొమ్మలు బాగుపడతాయని, శబ్దం మెరుగవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

జ్ఞాపకశక్తి విషయంలోనూ ఇదే తంతు. ‘ప్రింట్ హైమెమ్ మైనస్ పేజ్’ కొడితే ప్రోగ్రాముకు, వేరియబుల్స్‌కు ఎన్ని బైట్లు మిగిలాయో వస్తుంది. క్యాసెట్‌తో నడిచే మోడల్ బీ మోడ్ 7లో 28160. డిస్కు వ్యవస్థ తగిలిస్తే పేజ్, అంటే ప్రోగ్రాము మొదలయ్యే చిరునామా, 3584 నుంచి 6400కు జరుగుతుంది, మిగిలేది 25344. అదే డిస్కుతో మోడ్ 1లోకి వెళ్తే తెరకు 20 కేబీ పోయి 5888 బైట్లు మాత్రం మిగులుతాయి. ఆటలు రాసినవాళ్లు ఆరోజుల్లో ఎందుకంత అవస్థ పడ్డారో ఈ ఒక్క అంకె చెబుతుంది. మాస్టర్‌లో అదే తెరను 129వ మోడ్‌గా తెరిస్తే 29184 బైట్లు మిగులుతాయి. చూడగానే కళ్లు చెదిరే తేడా. కానీ అందులో బేసిక్ 4 చేసిన ఘనకార్యం ఏమీ లేదు. తెర వేరే రామ్‌లోకి వెళ్లింది, డిస్కు వ్యవస్థ తన అవసరాలు వేరేచోట చూసుకుంది, అంతే.

రెండో ప్రాసెసర్ కోసం వేరే చిరునామాకు మార్చిన హై-బేసిక్ మాత్రం ఇందుకు మినహాయింపు. మామూలు బేసిక్‌తో అక్కడ 30720 బైట్లు ఉంటే, హై-బేసిక్‌తో 45056 అవుతాయి. ఆ తేడా నిజంగా బేసిక్ వల్ల వచ్చినదే. రోమ్ ప్రతి మరింత పైకి జరిగి కింద చోటు వదిలింది.

నాలుగో మెట్టు: వేగం

కొత్తగా పరీక్షలు కనిపెట్టాల్సిన పనిలేదు. 1977లో అమెరికా పత్రిక కిలోబాడ్‌లో వచ్చిన ఏడు చిన్న ప్రోగ్రాములను బ్రిటన్ పత్రిక పర్సనల్ కంప్యూటర్ వరల్డ్ తీసుకుని, ఎనిమిదోది చేర్చి, ఆ కాలపు కంప్యూటర్లన్నింటినీ వాటితోనే కొలిచింది. మొదటిది వట్టి ఫర్ లూప్. రెండోది అదే లెక్కను ఇఫ్, గోటూలతో చేస్తుంది. మూడు, నాలుగు కూడికలు, భాగహారాలు. అయిదోది గోసబ్, ఆరోది లూపులో లూప్, ఏడోది ఎరే. ఎనిమిదోది ఘాతం, లాగరిథమ్, సైన్.

ఈ ఎనిమిదోదానిలో ఒక గోతి ఉంది. మైక్రోసాఫ్ట్ తరహా బేసిక్‌లలో ‘లాగ్’ అంటే సహజ లాగరిథమ్. బీబీసీ బేసిక్‌లో ‘లాగ్’ అంటే పది ఆధారంగా ఉండేది, సహజ లాగరిథమ్‌కు ‘ఎల్ఎన్’ రాయాలి. బేసిక్ 2ను బేసిక్ 4తో పోల్చేటప్పుడు రెండింటిలో ఏది వాడినా ఫరవాలేదు, ఒకటే వాడితే చాలు. వేరే కంప్యూటర్ల పాత పట్టికలతో పోల్చాలంటే ‘ఎల్ఎన్’ తప్పనిసరి.

మొదటి పరీక్ష మోడల్ బీ మీద సెకను చుట్టుపక్కల ముగిసిపోతుంది. ‘టైమ్’ వందో వంతు వరకే చూపిస్తుంది కాబట్టి చిన్న తేడాలు కనిపించకుండా పోతాయి. 1000 చుట్లకు బదులు 10000 తిప్పండి. లూపు లోపల ప్రింట్ ఆజ్ఞ పెట్టకండి, పెడితే మీరు కొలిచేది తెర వేగాన్ని. ఇక్కడ ఏకార్న్ ఇంజనీర్లను మెచ్చుకోవాలి. రామ్‌ను ప్రాసెసర్ కంటే రెట్టింపు వేగంతో నడిపి, తెరకూ ప్రాసెసర్‌కూ వంతులవారీగా ఇచ్చారు. అందువల్ల ఏ మోడ్‌లో ఉన్నా లెక్కల వేగం తగ్గదు. సమకాలీన యంత్రాలు చాలావాటిలో ఈ సౌఖ్యం లేదు.

ప్రతి పరీక్షనూ రెండు రకాలుగా నడపండి: ఒకసారి మామూలు ‘కె’తో, ఒకసారి శాతం గుర్తు తగిలించిన ‘కె’తో. మామూలు వేరియబుల్ అయిదు బైట్ల దశాంశ సంఖ్య, శాతం గుర్తు ఉన్నది నాలుగు బైట్ల పూర్ణాంకం. పైగా ఏ నుంచి జెడ్ వరకు ఒంటి అక్షరం పూర్ణాంకాలకు జ్ఞాపకంలో స్థిరమైన చోటు ఉంది, వెతుక్కునే పనే లేదు. మిగతా వేరియబుల్స్‌ను బేసిక్ మొదటి అక్షరాన్నిబట్టి గొలుసుల్లో దాస్తుంది. ‘స్కోర్’, ‘స్పీడ్’, ‘స్టార్ట్’ అంటూ ఒకే అక్షరంతో ముప్పై పేర్లు పెట్టుకుంటే చివర్న పుట్టినదాన్ని పట్టుకోవడానికి గొలుసంతా నడవాలి.

గోటూ, గోసబ్‌లు లైన్ నంబరును ప్రతిసారీ ప్రోగ్రాము మొదటినుంచి వెతుకుతాయి. ప్రొసీజర్‌ను (పేరుతో పిలిచే ప్రోగ్రాము భాగాన్ని) మాత్రం బేసిక్ మొదటిసారి పిలిచినప్పుడే వెతికి, చిరునామాను గుర్తుపెట్టుకుంటుంది. అందుకే పరీక్ష ప్రోగ్రామును రెండు యంత్రాల్లోనూ బైటు తేడా లేకుండా ఒకేలా ఉంచాలి. ‘ప్రింట్ టాప్ మైనస్ పేజ్’ కొట్టి రెండుచోట్లా అదే పరిమాణం వస్తోందో లేదో చూడండి. వ్యాఖ్యలు, ఖాళీలు కూడా కాలం తింటాయి.

ఫలితాలు ఎలా చదవాలి? బేసిక్ 1 నుంచి 2కు వెళ్లేవాళ్లు వేగం కోసం వెళ్లకూడదు, ఆ మార్పు దాని కోసం చేసింది కాదు. బేసిక్ 4లో దశాంశ లెక్కల భాగాన్ని తిరగరాశారు. తేడా ఎనిమిదో పరీక్షలో బాగా కనిపించాలి, శాతం గుర్తు లూపుల్లో అంతగా కనిపించకూడదు. మీ అంకెలు దీనికి తలకిందులుగా వస్తే ముందు మీ అమరికను అనుమానించండి. ఇప్పుడు మీ సొంత ప్రోగ్రాములు తీసి చూసుకోండి. అవి సైన్, కొసైన్‌లతో గ్రహాల స్థానాలు లెక్కగట్టేవా, లేక పేర్ల జాబితాను అకారాది క్రమంలో పెట్టేవా? రెండో రకమైతే ఎనిమిదో పరీక్ష ఎంత మెరిసినా మీకు ఒరిగేది తక్కువే.

లెక్కల కచ్చితత్వం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రెండు వెర్షన్లలోనూ ఒకే నలభై బిట్ల రూపం, దాదాపు తొమ్మిది అంకెల వరకు నమ్మవచ్చు. ‘ఆర్‌ఎన్‌డీ’కి రుణ సంఖ్య ఇస్తే యాదృచ్ఛిక వరుస ఒక స్థిరమైన చోటునుంచి మొదలవుతుంది. అలా మొదలుపెట్టి వంద సంఖ్యలు తీసి, వాటికి వర్గమూలాలు, సైన్‌లు లెక్కించి రెండుచోట్లా ఫైలులో రాసుకోండి. దశాంశాల చివరి అంకెలో తేడా వస్తే అది మీ పనికి అడ్డమో కాదో మీరే తేల్చుకోవాలి.

అయిదో మెట్టు: పాత ప్రోగ్రాములు

నా దృష్టిలో నిర్ణయం తేలాల్సింది ఇక్కడే. వేగం పదో వంతు పెరిగిందని సంబరపడి, పదేళ్ల డేటా ఫైలును పాడుచేసుకుంటే ఏం లాభం?

బేసిక్ ఆజ్ఞలను అక్షరాలుగా దాచదు. ఒక్కో ఆజ్ఞకు ఒక్కో అంకె, అంటే టోకెన్. బేసిక్ 1లో ‘ఓపెన్‌ఇన్’ టోకెన్ 173. పేరు చదవడానికే అన్నట్టున్నా, బేసిక్ 1లో అది ఫైలును చదవడానికీ రాయడానికీ రెండింటికీ తెరిచేది. బేసిక్ 2లో దీన్ని విడదీశారు. రెండింటికీ తెరిచే పనికి ‘ఓపెన్‌అప్’ అని కొత్త పేరు పెట్టి, పాత టోకెన్ 173ను దానికే ఇచ్చారు. ‘ఓపెన్‌ఇన్’ను చదవడానికి మాత్రమే పరిమితం చేసి, 142 అనే కొత్త టోకెన్ ఇచ్చారు. తెలివైన ఏర్పాటే. పాత ప్రోగ్రామును డిస్కునుంచి లోడ్ చేస్తే 173 అలాగే ఉంటుంది, పాత పనే చేస్తుంది. లిస్ట్ కొడితే మాత్రం మీరెన్నడూ రాయని ‘ఓపెన్‌అప్’ కనిపించి ఆశ్చర్యపరుస్తుంది.

ప్రమాదం మరో దారిలో ఉంది. అదే ప్రోగ్రామును ‘స్టార్ స్పూల్’తో మామూలు పాఠంగా దించుకుని, బేసిక్ 2లో ‘స్టార్ ఎగ్జెక్’తో తిరిగి ఎక్కించారనుకోండి. పాఠంలో ఉన్నది ‘ఓపెన్‌ఇన్’ అనే అక్షరాలు. కొత్త బేసిక్ వాటికి 142 ఇస్తుంది. అదే ప్రోగ్రాము, అదే లైన్లు, ప్రవర్తన మాత్రం వేరు: ఫైలు ఇప్పుడు చదవడానికే తెరుచుకుంటుంది. పుస్తకంలోనో పత్రికలోనో అచ్చైన బేసిక్ 1 ప్రోగ్రామును చూసి కొట్టుకున్నా ఇదే జరుగుతుంది.

దీన్ని చేతులారా చేసి చూడటం మంచిది. బేసిక్ 1లో చిన్న డేటా ఫైలు సృష్టించి, దాన్ని ఓపెన్‌ఇన్‌తో తెరిచి, ‘పీటీఆర్’తో మధ్యకు జరిగి ఒక బైటు మార్చే నాలుగు లైన్ల ప్రోగ్రాము రాయండి. దాన్ని ఒకసారి ‘సేవ్’తో, ఒకసారి స్పూల్‌తో దాచండి. బేసిక్ 2లో రెండు దారుల్లోనూ తెచ్చి, రెండింటినీ లిస్ట్ చేసి, రెండింటినీ నడపండి. పాఠంగా తెచ్చిన ప్రోగ్రాములన్నిటిలో ఓపెన్‌ఇన్‌లను వెతికి, అవసరమైనచోట ఓపెన్‌అప్‌గా మార్చాలన్నది అప్పుడు మీకే బోధపడుతుంది. తిరుగు ప్రయాణం కూడా మరచిపోకండి. బేసిక్ 2లో రాసిన ఓపెన్‌ఇన్‌ను బేసిక్ 1 ఉన్న మిత్రుడికి డిస్కులో ఇస్తే 142 అంటే ఆ యంత్రానికి అర్థం కాదు.

రెండోది పేర్ల తగాదా. ఈ బేసిక్ పెద్ద అక్షరాల పేర్ల మొదట్లో ఆజ్ఞ దొరికితే దాన్నే తీసుకుంటుంది. ‘టోటల్’ అనే వేరియబుల్‌ను ‘టూ’ అనే ఆజ్ఞగా విడగొట్టి లోపం చూపడం అందరికీ తెలిసిన కథ. కొత్త వెర్షన్లో ఆజ్ఞలు పెరిగితే ఇలాంటి పేర్లూ పెరుగుతాయి. బేసిక్ 4 అమెరికన్ స్పెల్లింగ్‌తో ‘కలర్’ను కూడా ఆజ్ఞగా స్వీకరిస్తుంది. ఆ స్పెల్లింగ్‌తో మొదలయ్యే వేరియబుల్ మీ ప్రోగ్రాములో ఉంటే ముందు దాన్నే పరీక్షించండి. వేరియబుల్ పేర్లను చిన్న అక్షరాల్లో పెట్టుకునే అలవాటున్నవారికి ఈ బెడద లేదు.

మూడోది బేసిక్ రోమ్ లోపలికే దూకే ప్రోగ్రాములు. వేగం కోసం కొందరు బేసిక్ లోపలి లెక్కల భాగాలను నేరుగా పిలిచేవారు. వెర్షన్ మారగానే ఆ చిరునామాలు మారతాయి. యంత్రభాషను నేరుగా పిలిచే ‘కాల్’, ‘యూఎస్ఆర్’ ఆజ్ఞలు ఉన్న లైన్లన్నీ తీసి, అందులోని చిరునామా 32768, 49151 మధ్య ఉందేమో చూడండి. ఉంటే అది బేసిక్ లేదా దాని సాకెట్ వరుసలోని మరో రోమ్. ఆ ప్రోగ్రాము కొత్త బేసిక్‌లో యంత్రాన్ని స్తంభింపజేసే అవకాశం ఉంది. 65 వేల పైచిలుకు చిరునామాలైతే ఆపరేటింగ్ సిస్టమ్ అధికారికంగా ఇచ్చిన ద్వారాలు, వాటితో భయం లేదు. అలాగే 112 నుంచి 143 వరకు ఉన్న 32 బైట్లు వాడుకరి కోసం వదిలినవి. అంతకు కింద బేసిక్ సొంత సామాను ఉంటుంది, దానిలో చేయి పెట్టిన ప్రోగ్రాములను కూడా అనుమానపు జాబితాలో వేయండి.

ఆరో మెట్టు: కొత్త సౌకర్యాలు మీకు పనికొచ్చేవేనా?

బేసిక్ 2లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ‘ఓఎస్‌సీఎల్ఐ’. నక్షత్రం గుర్తుతో మొదలయ్యే ఆజ్ఞలు లైను చివరిదాకా ఉన్నదాన్ని యథాతథంగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తాయి. మధ్యలో వేరియబుల్ పెట్టలేం. వాడుకరి చెప్పిన పేరుతో ఫైలును తొలగించాలంటే బేసిక్ 1లో బైట్ల వరుస కేటాయించి, అందులో వాక్యం రాసి, దాని చిరునామాను రెండు వేరియబుల్స్‌లో విడగొట్టి, 65527ను పిలవాలి. బేసిక్ 2లో ఒక్క లైను చాలు. మీరు డిస్కు పనులు చేసే ప్రోగ్రాములు రాస్తే మార్పుకు ఈ ఒక్క కారణమే సరిపోతుంది.

బేసిక్‌లోనే ఉన్న అసెంబ్లర్ (యంత్రభాష రాసే సాధనం) వాడేవారికి ఇంకా మేలు. బేసిక్ 1లో యంత్రభాష మధ్య ఒక పట్టికో వాక్యమో పెట్టాలంటే అసెంబ్లర్‌లోంచి బయటికి వచ్చి, బైట్లు చేత్తో పోసి, మళ్లీ లోపలికి వెళ్లాలి. బేసిక్ 2లో ‘ఈక్యూబీ’, ‘ఈక్యూడబ్ల్యూ’, ‘ఈక్యూడీ’, ‘ఈక్యూఎస్’ వరసగా ఒక బైటు, రెండు, నాలుగు బైట్లు, ఒక వాక్యం పెడతాయి. ఒకచోట నడవాల్సిన కోడ్‌ను మరోచోట పేర్చే వీలు కూడా వచ్చింది. సొంతంగా రోమ్ తయారు చేయాలనుకునేవారికి అది లేకుండా పని సాగదు.

బేసిక్ 4లో పనికొచ్చేది ‘లిస్ట్ ఇఫ్’. ఒక మాట ఇస్తే అది ఉన్న లైన్లను మాత్రమే చూపిస్తుంది. పై మెట్టులో చెప్పిన ‘కాల్’ లైన్ల వేటకు ఇదే తగిన ఆయుధం. ‘ఎడిట్’ ఆజ్ఞ ప్రోగ్రామును మాస్టర్‌లోని పాఠ సంపాదకానికి పంపుతుంది. అక్కడ వెతికి మార్చడం సులువు. అయితే వెళ్లి వచ్చేసరికి ప్రోగ్రాము పాఠంగా మారి, మళ్లీ టోకెన్లుగా మారుతుంది కాబట్టి, పంపే ముందు, వచ్చాక ‘టాప్ మైనస్ పేజ్’ పోల్చి చూడండి. ‘టైమ్‌డాలర్’ తేదీ, సమయం ఇస్తుంది కానీ యంత్రంలో గడియారపు చిప్ ఉన్నప్పుడే; ఆ సోకు కూడా సగం మాస్టర్‌దే. ‘ఆన్’తో ప్రొసీజర్లను ఎంచుకోవడం మెనూలు రాసేవారికి ముచ్చటగా ఉంటుంది. కొత్త ప్రాసెసర్ ఆదేశాలను కూడా అసెంబ్లర్ స్వీకరిస్తుంది, కానీ వాటితో రాసిన కోడ్ మామూలు మోడల్ బీలో నడవదని గుర్తుంచుకోండి.

ఏది లేదో కూడా చూసుకోవాలి. ‘వైల్’ లూప్, పలు లైన్ల ఇఫ్, ‘కేస్’ వంటివి బేసిక్ 4లోనూ లేవు. అవి 1987లో ఆర్కిమిడీస్‌తో వచ్చిన బేసిక్ 5లో చేరాయి. దానికి ఆర్మ్ ప్రాసెసర్ కావాలి, ఈ బోర్డు మీద దాని ఊసే అనవసరం.

లోపాల పరీక్ష చిన్నదే, వదిలేయకండి. సున్నాతో భాగించి 18 వస్తుందా, ఎస్కేప్ నొక్కితే 17 వస్తుందా, ‘ఆన్ ఎర్రర్’ వాటిని పట్టుకుంటుందా చూడండి. జ్ఞాపకం నిండినప్పుడు వచ్చే సున్నా నంబరు లోపాన్ని ఏ వెర్షన్లోనూ పట్టుకోలేం. దాన్ని కొత్తదాని లోపంగా రాసుకోకండి.

ఏడో మెట్టు: తీర్పు, చిప్ మార్పిడి

మోడల్ బీలో బేసిక్ 1 ఉంటే 2కు మారండి. పాత డేటా ప్రోగ్రాములను అయిదో మెట్టులో సరిచూసుకున్నాక ఆలోచించాల్సింది ఏమీ లేదు. బేసిక్ 2 ఉన్న మోడల్ బీలో బేసిక్ 4 కోసం ప్రాసెసర్ మార్చడం మాత్రం నాకు సమ్మతం కాదు. పాత ఆటల్లో కొన్ని 6502లోని అధికారికం కాని ఆదేశాల మీద ఆధారపడ్డాయి, కొత్త రకం ప్రాసెసర్‌లో అవి పనిచేయవు. దశాంశ లెక్కలు ఎక్కువగా చేసేవారైతే నేరుగా మాస్టర్‌నే చూసుకోవడం మేలు.

చిప్ మార్చేటప్పుడు కరెంటు తీసేసి, లోహపు వస్తువు ముట్టుకుని ఒంట్లోని స్థిర విద్యుత్తు పోగొట్టుకోండి. పాత చిప్‌ను రెండు కొసలా కొంచెం కొంచెంగా లేపాలి. ఒకవైపే లాగితే కాళ్లు వంగుతాయి. కొత్తదాని గాటు పక్క చిప్‌ల గాట్లు ఉన్న వైపే ఉండాలి. యంత్రం తెరవగానే బేసిక్‌కు బదులు వర్డ్ ప్రాసెసర్ కనిపిస్తే కంగారుపడకండి. ఎక్కువ నంబరు సాకెట్‌లో ఉన్న భాషా రోమ్‌కే మొదటి అవకాశం, ‘స్టార్ బేసిక్’ కొడితే చాలు. కొత్త బేసిక్‌తో మొదటిసారి తెరిచే డేటా డిస్కులన్నింటికీ పక్కనున్న గాటు మీద కాగితం అతికించి రాత ఆపండి, నకలు తీయడం పూర్తయ్యాకే దాన్ని ఊడదీయండి. పాత చిప్‌ను నల్లటి విద్యుద్వాహక స్పాంజిలో గుచ్చి ఉంచుకోండి. ఎప్పుడో దొరికే మరో క్యాసెట్‌లోని బేసిక్ 1 ప్రోగ్రాము అసలు రూపం చూడాలంటే మళ్లీ అదే కావాలి.